ట్యాంకును మోసిన బండ్లు

రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకుల పేర్లు చాలామందికి తెలుసు. షెర్మన్, టైగర్, టి-34 అనగానే ఒక రూపం కళ్ల ముందు మెదులుతుంది. ఆ ట్యాంకును యుద్ధభూమి దాకా మోసుకొచ్చిన బండి పేరు అడిగితే మాత్రం చరిత్ర బాగా చదివినవాళ్లు కూడా తడుముకుంటారు. నిజానికి ట్యాంకు దూరప్రయాణానికి పనికొచ్చే యంత్రం కాదు. వందల కిలోమీటర్లు తనంతట తాను నడిచిందంటే దాని పట్టాలు అరిగిపోతాయి, ఇంజను ఆయుష్షు తరిగిపోతుంది, కింద రోడ్డు చితికిపోతుంది. అందుకే సైన్యాలు దాన్ని మోయడానికి ట్రెయిలర్లనూ, వాటిని లాగడానికి ట్రాక్టర్లనూ సమకూర్చుకోవలసి వచ్చింది. ఈ బండ్లను 1/35, 1/72, 1/76 వంటి కొలతల్లో చిన్నగా కట్టే పనిని చాలామంది తీరిక వేళల కాలక్షేపంగా లెక్కగడతారు. నా దృష్టిలో అది చరిత్ర రాయడంలో ఒక పద్ధతి. పుస్తకం దాటేసి పోగల ప్రశ్నల్ని మోడల్ దాటనివ్వదు.

రాసేవాడికి ఒక వెసులుబాటు ఉంది. ట్యాంకులను ట్రెయిలర్ల మీద తరలించారని ఒక్క వాక్యం రాసి ముందుకు పోవచ్చు. ఫొటోలో కూడా ఒక పక్కే కనిపిస్తుంది. మోడల్ కట్టేవాడు అలా తప్పించుకోలేడు. ట్యాంకు ఎటునుంచి ఎక్కింది, బల్లకూ ఇరుసుకూ మధ్య ఏముంది, బ్రేకు గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరింది, ఇవన్నీ తేలితే తప్ప జిగురు పూయలేడు. జర్మన్ల ఎస్‌డి ఎహెచ్ 116 ట్రెయిలరునే చూడండి. దాని వెనక చక్రాల భాగం విడిగా ఊడి వస్తుంది. దాన్ని పక్కకు జరిపి, బల్లను నేలకు దించి, ట్యాంకును ఎక్కించాక చక్రాలను మళ్లీ తగిలిస్తారు. ఆ వెనక చక్రాలను తిప్పడానికి వేరే మనిషి, అతనికి వేరే స్టీరింగు, కూర్చోవడానికి చిన్న క్యాబిన్. లాగేది ఫామో, ముందు చక్రాలూ వెనక పట్టాలూ ఉన్న 18 టన్నుల తరగతి బండి. ఇంతా చేసి ఆ ట్రెయిలరు మోయగలిగింది సుమారు 22 టన్నులు. 1942లో రంగంలోకి దిగిన టైగర్ బరువు 57 టన్నులు. చెడిపోయిన టైగర్‌ను కదిలించాలంటే రెండు మూడు ఫామోలను వరసగా కట్టి ఈడ్చవలసిందే. ఈ ట్రెయిలరు మీద టైగర్‌ను నిలబెట్టి చూడబోయిన మోడలరుకు, ట్యాంకును పెంచుకుంటూ పోయి దాన్ని మోసే బండిని పెంచలేకపోయిన సైన్యం అవస్థ చేతుల్లోనే అర్థమవుతుంది.

పనితనం సంగతికి వస్తే, మొదటి చిక్కు మందంతో. అమెరికన్ల ఎం25 ట్యాంకు రవాణా బండి, అదే 'డ్రాగన్ వాగన్', ఇందుకు చక్కటి ఉదాహరణ. పసిఫిక్ కార్ అండ్ ఫౌండ్రీ కట్టిన ఎం26 ట్రాక్టరుకు 40 టన్నులు మోసే ఎం15 ట్రెయిలరును తగిలిస్తే ఆ జోడీ అవుతుంది. 1990లలో తమియా దీన్ని 1/35లో తెచ్చింది. పూర్తయిన మోడల్ అర మీటరుకు దగ్గరగా ఉంటుంది. అసలు ట్రాక్టరు క్యాబిన్‌కు ముందువైపు కవచం 19 మిల్లీమీటర్లు, పక్కల 6 మిల్లీమీటర్ల పైచిలుకు. 35తో భాగిస్తే ముందు అర మిల్లీమీటరు, పక్కల 0.2 మిల్లీమీటరు కూడా రాదు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ ఇంత పల్చగా నిలవదు. ఒక మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ మడ్‌గార్డు అసలు కొలతలో 35 మిల్లీమీటర్ల ఉక్కు పలక అవుతుంది, అంత బరువైన మడ్‌గార్డు ఏ లారీకీ ఉండదు. అందుకని అనుభవజ్ఞులు అంచుల్ని లోపలివైపు నుంచి గీకి పల్చన చేస్తారు, లేదంటే ఆసిడ్‌తో తొలిచిన ఇత్తడి రేకుతో ఆ భాగాన్ని కొత్తగా చేసుకుంటారు. తర్వాత వచ్చిన ఎం26ఎ1లో కవచం తీసేసి క్యాన్వాసు కప్పు వేశారు. రేకు మందం కొలిచిన చేతికి ఆ మార్పులో ఎంత బరువు దిగిపోయిందో వెంటనే తెలుస్తుంది.

రెండో చిక్కు మరింత లోతైనది. మోడల్‌కు బరువు లేదు. మొత్తం కలిపి తూచినా కొన్ని వందల గ్రాములు, అది చూపించవలసింది మాత్రం 30 టన్నుల షెర్మన్‌ను మోస్తున్న శ్రమ. కిట్‌లో వచ్చిన టైరు గుండ్రంగా ఉంటుంది, బరువు కింద టైరు అడుగున చదునై పక్కలకు ఉబుకుతుంది. అడుగును గరుకు కాగితంతో రాసి, పక్కల్ని పుట్టీతో కొద్దిగా నింపి ఆ ఉబుకు తేవాలి. ఖాళీ ట్రెయిలరుకు ఇదే పని చేస్తే తప్పు. కమాన్ పట్టీలు నిండు బండికి ఒకలా, ఖాళీ బండికి మరోలా వంగుతాయి. ట్యాంకును బల్లకు కట్టిన గొలుసు బిగిసి ఉండాలి, పక్కన వేలాడే గొలుసు తన బరువుకు తానే వంపు తిరగాలి. దారంతో చేసిన తీగతాడు అలా వంగదు, పైగా నూగు కనిపిస్తుంది. సన్నటి రాగి తీగల్ని పేని, కాల్చి మెత్తన చేసి వాడితే ఆ వంపు వస్తుంది. బ్రిటిష్ స్కామెల్ పయనీర్ ట్రాక్టరు వెనక చక్రాల దగ్గర ఈ విద్యకు అసలైన పరీక్ష. అక్కడ ఒక్కో పక్క రెండు చక్రాలు ఒకే దూలానికి బిగించి ఉంటాయి, దూలం మధ్యలో ఊగుతుంది, ఒక చక్రం రాయి ఎక్కితే రెండోది కిందికి దిగి నేలను పట్టుకుంటుంది. 102 హార్స్‌పవర్ ఇంజనుతో ఆ బండి బురదలోనూ ఇసుకలోనూ పని చేయగలగడానికి ఈ అమరిక పెద్ద కారణం. దీన్ని కదలకుండా అతికించి, మోడల్‌ను ఎగుడుదిగుడు నేల మీద పెడితే ఒక చక్రం గాల్లో తేలుతుంది. ఆ తేలిన చక్రం చాలు, కట్టినవాడికి యంత్రం అర్థం కాలేదని చెప్పడానికి.

ట్రెయిలరు బల్ల మీద పలకలకు నిజమైన కర్ర వాడితే అందంగా ఉంటుందని కొత్తవాళ్లు అనుకుంటారు. కర్ర ఈనె చిన్నదవదు కదా, 1/35లో అది చెట్టు మొద్దును చీల్చి పరిచినట్టు కనిపిస్తుంది. ప్లాస్టిక్ రేకు మీద సన్నటి రంపంతో గీసి, రంగులతో కర్రను పుట్టించడమే మేలు. ఆ పలకల్ని పట్టాలు ఎక్కడ కొరికాయి, డ్రైవరు బూటు ఏ మెట్టు మీద రంగు అరగదీసింది, వించి తాడు ఎక్కడ ఒరుసుకుంది అన్నది ఆలోచించి అరుగుదల చూపాలి. బండి నిండా ఒకే రకంగా తుప్పూ దుమ్మూ పులిమిన మోడళ్లు పోటీల్లో మెప్పు పొందడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. పని జరిగిన చోటే అరుగుతుంది, మిగతా చోట అరగదు.

ఇది యుద్ధాన్ని ముద్దు చేయడమేనన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. జర్మన్ కవచ వాహనాల మీద ఈ రంగంలో ఉన్న మోజు అతిగానే ఉంది, దాని వెనక జరిగిన ఘోరాలను మరిపించే మోజు అది. అయితే ట్రాక్టరూ ట్రెయిలరూ కట్టేవాడు వెళ్లేది ఇంకో దారిలో. అతనికి ఎదురయ్యేది కూలీ చరిత్ర. 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా ఫ్రాన్సులో రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ పేరుతో రాత్రింబగళ్లు లారీలు నడిపిన డ్రైవర్లలో దాదాపు నాలుగింట మూడొంతులు నల్లజాతి సైనికులు. వర్ణభేదం పాటించిన అమెరికన్ సైన్యంలో పనిచేస్తూ వాళ్లు రోజుకు వేల టన్నుల పెట్రోలూ మందుగుండూ చేరవేశారు. సోవియట్ దేశపు చెల్యాబిన్స్క్ కర్మాగారంలో పొలాల కోసం తయారైన స్తాలినెత్స్ ఎస్-65 ట్రాక్టరు గంటకు 7 కిలోమీటర్లు మించకుండా నడుస్తూ భారీ ఫిరంగుల్ని లాగింది. స్వాతంత్ర్యం తర్వాత కూడా భారత సైన్యం వాడిన 25-పౌండరు ఫిరంగిని తీసుకోండి. ముందు క్వాడ్ ట్రాక్టరు, వెనక 32 గుండ్లున్న చిన్న పెట్టెబండి, ఆ వెనక ఫిరంగి. ఆ వరసను కట్టినవాడికి యుద్ధంలో ఎక్కువ భాగం లాగడం, దించడం, తవ్వడం, మళ్లీ ఎక్కించడం అని తెలుస్తుంది. వీరగాథకు అక్కడ పెద్దగా చోటుండదు.

కిట్లూ త్రీడీ ప్రింటర్లూ వచ్చాక ఇందులో నైపుణ్యం ఏముందన్న ప్రశ్నకు జవాబు చిన్నది. ప్రింటరు ఆకారం ఇస్తుంది. టైరు ఎంత అణగాలి, గొలుసు ఎక్కడ బిగియాలి అన్న తీర్పు దానికి రాదు.

అసలు బండ్లు మ్యూజియాల్లో ఉండగా బొమ్మలెందుకన్న వాదన బలమైనది. కానీ ట్రాక్టర్ల విషయంలో అది సగమే నిజం. ట్యాంకుల్ని స్మారకాలుగా దాచుకున్న దేశాలు వాటిని మోసిన బండ్లను పనిలోకి పంపాయి. యుద్ధం ముగిశాక డైమండ్ టి, స్కామెల్ ట్రాక్టర్లు బ్రిటన్‌లో భారీ సరుకులు లాగాయి. న్యూపోర్ట్‌లోని విన్స్ సంస్థ ఎం26లను కొని, క్యాబిన్లు మార్చి, ట్రాన్స్‌ఫార్మర్ల వంటి బరువులు మోయించింది. అలా బతికిన బండి మీద యుద్ధకాలపు కవచం లేదు, అప్పటి పనిముట్ల పెట్టెలు లేవు. వాటిని తిరిగి చూడాలంటే సైనిక మాన్యువళ్లలోని గీతల్ని, నాలుగైదు పాత ఫొటోల్ని, మిగిలిన బండి మీద తీసిన కొలతల్ని ఒకదానితో ఒకటి సరిపెట్టుకోవాలి. అవి పొసగనిచోట ఏది నమ్మాలో తేల్చుకోవాలి. 1/35లో ఎం26 కట్టేవాళ్లు ప్రతి బోల్టు దగ్గరా చేస్తున్నది ఈ పనే.