సవర నిఘంటువు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జన్మదినమైన ఆగష్టు 29వ తేదీని మనము తెలుగుభాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని వారి 1931 నాటి సవర వ్యాకరణమును, 1938 నాటి సవర-ఇంగ్లీషు నిఘంటువును చూచిన వారు మనలో ఎందరు?

పంతులుగారు పర్లాకిమిడిలో అధ్యాపకులై యుండి, సవరలతో మాటలాడి వారి భాష నేర్చిరి. అది తెలుగునకు యాస కాదు. ముండా కుటుంబమునకు చెందిన వేరు భాష. కర్మను క్రియలోనే ఇముడ్చుకొని ఒక్క పదముగా పలుకు నేర్పు దానికి కలదు.

ఈ గ్రంథములకు ఒక కొరత కలదు: వివరణము ఇంగ్లీషున నుండుటచే సవర తల్లికి అవి అందవు. అయినను దోషము పంతులుగారిది కాదు. సవర బిడ్డలకై వారు సవరలోనే వాచకములు వ్రాసిరి. పలుకు భాషలోనే చదువు సాగవలె నన్న వారి సూత్రమును మనము మనకు మాత్రము గ్రహించి, సవరలకు మరచితిమి.

ఉత్తర నైజీరియాలో చిన్న భాషలు హౌసాకు చోటిచ్చి తొలగుచున్నవి. బలవంతముతో పనిలేదు, సంతయు బడియు చాలును. సీతంపేట మన్యములో ఆ హౌసా స్థానము మన తెలుగుదే.

మా కొండపల్లిలో పొణికికఱ్ఱతో చేసిన అంబారీ యేనుగు సొగసుగా నుండును గాని నడువదు. పలుకు బిడ్డలు లేని భాషకు నిఘంటువును అట్టిదే. పంతులుగారిని నిజముగా గౌరవింతుమేని, సవర బిడ్డ బడిలో తన మాట పలికినప్పుడు నవ్వకుండుటయు, ఆ మాట తెలిసిన ఉపాధ్యాయుని కోరుటయు మన మొదటి కర్తవ్యము.