పడిన చెట్టు చెప్పే గాలి లెక్క

హైదరాబాద్ నుంచి వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి వరంగల్ దగ్గరి మడికొండ మీదుగా హన్మకొండ, ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి సాగుతుంది. మేడారం జాతర బస్సులు పోయేది ఈ దారినే. మడికొండలోని మెట్టుగుట్ట నుంచి చూస్తే దాదాపు వంద కిలోమీటర్ల ప్రయాణం. 2024 ఆగస్టు 31 సాయంత్రం ఆ అడవి మీద గాలి విరుచుకుపడింది. 50 వేలకు పైగా చెట్లు నేలకొరిగాయని అటవీ శాఖ మొదటి అంచనా.

అదే రాత్రి వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఊళ్లు మునుగుతుంటే అడవి గోడు ఎవరికి వినపడుతుంది? చెట్ల సంగతి లోకానికి తెలియడానికి కొన్ని రోజులు పట్టింది. తెలిశాక ఒకరు టోర్నడో, అంటే సుడిగాలి అన్నారు, ఒకరు క్లౌడ్‌బరస్ట్ అన్నారు, ఇంకొకరు డౌన్‌బరస్ట్ అన్నారు. దెబ్బతిన్న అడవి లెక్క 200 హెక్టార్ల దగ్గర మొదలై 300 దాటింది. గాలి వేగం గంటకు 130 నుంచి 140 కిలోమీటర్లు ఉండొచ్చన్న అంచనా పత్రికల్లో వచ్చింది. సమ్మక్క సారలమ్మల దయ వల్లే ఆ గాలి ఊళ్ల మీదికి రాలేదని మంత్రి సీతక్క అన్నారు. రేకుల ఇళ్లున్న గూడెం మీదికి వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంతకీ ఆ 130 అన్న అంకె ఎలా పుడుతుంది? సుడిగాలి సరిగ్గా గాలిమీటరు ఉన్న చోటుకే రావడం ప్రపంచంలో ఎక్కడైనా చాలా అరుదు. వచ్చినా మీటరు మిగలడం కష్టం. అందుకే గాలి వెళ్లిపోయాక అది విరగ్గొట్టిన వాటిని చూసి వేగాన్ని వెనక్కి లెక్కగడతారు. ఈ విద్యకు పెద్ద దిక్కు జపాన్‌లో పుట్టి షికాగో విశ్వవిద్యాలయంలో స్థిరపడిన తెత్సుయా ఫుజితా. 1945లో అణుబాంబు పడిన కొన్ని వారాలకు ఆయన నాగసాకి, హిరోషిమా వెళ్లి, కూలిన చెట్లు ఏ దిక్కుకు ఒరిగాయో చూశాడు, కాలిన గుర్తులను బట్టి బాంబు ఎంత ఎత్తున పేలిందో లెక్కకట్టాడు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, 1974 ఏప్రిల్‌లో అమెరికాను టోర్నడోలు చిన్నాభిన్నం చేసినప్పుడు, విమానంలోంచి చూసిన ఒక అడవిలో అదే ఆకారం మళ్లీ కనిపించింది. చెట్లన్నీ ఒక నడిమి బిందువు నుంచి నలుదిక్కులకూ పడి ఉన్నాయి. బిందెడు నీళ్లు గచ్చు మీద కుమ్మరిస్తే చిమ్మినట్టు, మేఘంలోంచి గాలి నేరుగా నేలమీదికి దిగి పక్కలకు చిమ్మిందని ఆయన గుర్తించాడు. అదే డౌన్‌బరస్ట్. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో విమానం దిగబోతూ కూలి వంద మందికి పైగా చనిపోయిన ప్రమాదానికి కారణం ఇలాంటి గాలేనని ఆయన వాదించాడు. మొదట చాలామంది నమ్మలేదు. ఆ గాలిని ముందే పసిగట్టే రాడార్లు తర్వాత విమానాశ్రయాలకు వచ్చాయి. పడిన చెట్ల దిక్కును ఓపికగా రాసుకున్న మనిషి ఎన్ని ప్రాణాలు కాపాడాడో!

టోర్నడో చేసే పని వేరు. దాని దారికి రెండు వైపులా ఉన్న చెట్లు నడిమి గీత వైపు వాలతాయి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. అడుగున ఉన్న చెట్టు ముందు పడింది, పైన ఉన్నది తర్వాత పడింది. ఆ వరస చూస్తే గాలి ఎటు తిరిగిందో తెలుస్తుంది. తాడ్వాయిలో జరిగింది టోర్నడోనా, డౌన్‌బరస్టా అన్న వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం నేలమీద ఇంకొకటి ఉండదు. రంపం దిగిన రోజు ఆ సాక్ష్యం చెరిగిపోతుంది.

టోర్నడోల తీవ్రతను చెప్పడానికి ఫుజితా 1971లో ఇచ్చిన స్కేలును అమెరికా 2007లో సవరించింది. దాన్నే ఈఎఫ్ స్కేలు అంటారు. సున్నా నుంచి ఐదు దాకా మెట్లు. మొదటి మెట్టు గంటకు 105 కిలోమీటర్ల దగ్గర మొదలైతే, చివరిది 322 దాటాక వస్తుంది. ఇల్లు, బడి, దుకాణం, కరెంటు స్తంభం, చెట్టు, ఇలా 28 రకాల వస్తువులకు ఒక్కోదానికి పట్టిక ఉంది. గట్టి కలప చెట్టు వేళ్లతో పెకిలి పడితే గాలి వేగం గంటకు సుమారు 146 కిలోమీటర్లు, మాను నడిమికి విరిగితే 177, బెరడు ఊడి మొండి కొమ్మలు మాత్రమే మిగిలితే 230. చెట్ల పట్టికలో ఇక పై మెట్టు లేదు. అడవిలో అంతకు మించిన గాలి వీచినా, కాగితం మీద దాన్ని చూపించే సాధనం అడవిలో ఉండదు.

చిక్కంతా ఇక్కడే. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనో దగ్గర నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పున్న టోర్నడో పొలాల మీదుగా పోయింది. వాహనం మీద మోసుకెళ్లిన రాడార్ దాని గాలిని గంటకు 480 కిలోమీటర్ల పైన కొలిచింది. మొదట ఈఎఫ్5 అన్నారు. ఆ గాలికి దొరికిన ఇళ్లు తక్కువ కాబట్టి, కనిపించిన నష్టం ప్రకారం ఈఎఫ్3కి దించారు. మరుసటి ఏడాది అర్కన్సాలోని విలోనియాలో ఇళ్లు పునాదుల దాకా ఊడ్చుకుపోయినా, వాటిని పునాదికి బిగించిన తీరు సరిగా లేదన్న లెక్కతో ఈఎఫ్4 దగ్గరే ఆపారు. ఆ నిర్ణయం మీద నిపుణుల మధ్య వాదన ఏళ్ల తరబడి నడిచింది. ఓక్లహోమాలోనే మూర్ పట్టణాన్ని 2013 మే 20న తాకిన టోర్నడో తర్వాత పన్నెండేళ్లు ఈఎఫ్5 అన్నదే లేకుండా పోయింది. 2025 జూన్‌లో నార్త్ డకోటాలోని ఎండర్లిన్ దగ్గర గాలి గూడ్సు రైలు వ్యాగన్లను పడగొట్టింది, ఖాళీ ట్యాంకరును లేపి దూరంగా విసిరింది. దానికి ఎంత బలం కావాలో ఇంజినీర్లు లెక్కకట్టాకే ఈఎఫ్5 తిరిగి వచ్చింది.

రాడార్ కొలతను రేటింగులో కలిపేయాలని కొందరంటారు. ఈ కాలమ్ ఆ పక్షం కాదు. రాడార్ ఉన్న చోట ఒక న్యాయం, లేని చోట ఇంకో న్యాయం అయితే, దశాబ్దాల రికార్డులోని టోర్నడోలను ఒకదానితో ఒకటి పోల్చడం కుదరదు. కొలిచిన వేగానికి ఒక గడి, నష్టం చెప్పే వేగానికి ఒక గడి పక్కపక్కనే ఉండాలి. ఎల్ రెనోకు రెండూ రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

మన సమస్య అంతకన్నా మొదట్లోనే ఉంది. ఆ 28 వస్తువులు అమెరికావి, చెక్క చట్రాల ఇళ్లు, చక్రాల మీద తెచ్చిపెట్టే ఇళ్లు. మడికొండ చుట్టుపక్కల ఉండేవి స్లాబు ఇళ్లు, పెంకుటిళ్లు, రాళ్లు బరువు పెట్టిన రేకుల షెడ్లు, సిమెంటు కరెంటు స్తంభాలు, తాటిచెట్లు. బోల్టులతో బిగించిన రేకు ఏ వేగానికి లేస్తుంది, రాయి పెట్టిన రేకు ఏ వేగానికి లేస్తుంది? వానకు నానిన నేలలో మద్దిచెట్టు వేళ్లు ఎంతదాకా పట్టుకుంటాయి? తాడ్వాయి చెట్లకు వేళ్లు లోతుగా పోలేదని, నేల బాగా తడిసి ఉందని అప్పుడే అనుకున్నారు. అదే నిజమైతే 146 అన్న అమెరికా అంకె ఇక్కడ ఎక్కువ అవుతుంది. ఫుజితా పుట్టిన జపాన్ ఈ ఇబ్బంది గుర్తించి 2016 నుంచి సొంత స్కేలు వాడుతోంది. అందులో అక్కడి చెక్క ఇళ్లతో పాటు కార్ల షెడ్లు, వీధుల్లోని వెండింగ్ మిషన్లు, సమాధి రాళ్లు కూడా ఉన్నాయి. కెనడా 2013లో తన పట్టిక తాను రాసుకుంది. అక్కడ జనం లేని అడవుల్లో పడిన చెట్ల శాతాన్ని ఉపగ్రహ చిత్రాల్లో, డ్రోన్ చిత్రాల్లో లెక్కించి సుడిగాలులను వెతికి పట్టుకుంటున్నారు.

మనకూ సొంత పట్టిక ఉంటే రైతుకేం లాభమని అడగొచ్చు. ఇల్లు, టవరు కట్టేటప్పుడు ఎంత గాలిని తట్టుకోవాలో చెప్పే భారతీయ ప్రమాణం ఒకటుంది. దాని ప్రకారం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. విశాఖకు సెకనుకు 50 మీటర్లు. ఊరి మీద నిజంగా ఎంత గాలి వీస్తోందో నమోదు కాకపోతే, ఈ అంకెలు ములుగు గూడేలకు సరిపోతాయో లేదో తేల్చే దారి లేదు.

పని చేయగల వాళ్లు దూరంగా లేరు. వరంగల్ ఎన్ఐటీ మడికొండకు దగ్గరలోనే ఉంది, సివిల్ ఇంజినీరింగు పిల్లలకు ఇది చక్కటి ప్రాజెక్టు. అటవీ శాఖ ఒక్క చిన్న నియమం పెట్టుకుంటే చాలు: గాలికి పడిన చెట్లను కోసే ముందు చెట్టు రకం, పడిన దిక్కు, పెకిలిందా విరిగిందా అన్న మూడు వివరాలు రాయాలి. పాఠకులకూ ఒక విన్నపం. చైత్ర వైశాఖాల్లో గాలివాన వచ్చి మీ వీధిలో రేకులు లేచినా, వేపచెట్టు పడినా, తొలగించే ముందు ఫోన్లో దిక్సూచి తెరిచి దిక్కు చూసి ఫోటో తీయండి. తేదీ, సమయం, ఊరి పేరు రాసి మండల కార్యాలయంలో ఇవ్వండి.