ఏడు తరాలు ఎవరి నోట పలకాలి?

పరాయి భాష నవలను తెలుగులోకి తేవడం అమాయకమైన పనేమీ కాదు. ఏ నవలను ఎంచుకున్నారు, ఎవరి కోసం తెచ్చారు, అందులోని మనుషుల చేత ఎవరి మాట పలికించారు అనే మూడు ప్రశ్నలు అందులో ఉన్నాయి. మన విమర్శ ఈ మూడింటినీ పక్కన పెట్టి 'మూలానికి విధేయంగా ఉందా లేదా' అనే నాలుగో ప్రశ్న దగ్గరే కాలం గడిపింది. మేము ఆ మూడు ప్రశ్నలనూ కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో నిలబడి అడగదలుచుకున్నాం.

ప్రొద్దుటూరు అంటే సాహిత్యం తెలిసినవాళ్ళకు ముందు పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) గుర్తొస్తారు. పద్నాలుగు భాషలు వచ్చిన పండితుడని చెప్పుకుంటారు. విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర'ను ఆయన మలయాళంలోకి అనువదించారు. మధుర నాయకరాజుల కాలపు పెద్దింటివాళ్ళ ప్రేమ, వేదన ఆ నవల వస్తువు. ఆయన పాండిత్యాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ మలయాళ పాఠకుడికి తెలుగు నవల ఇదీ అని చూపడానికి 'ఏకవీర' బదులు ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) ఎందుకు కాకూడదు? ఎంపిక రుచిని బట్టి ఉంటుందంటారు. సరే, ఆ రుచి ఏ వీధిలో పుట్టింది?

దీనికి భిన్నమైన ఎంపిక సహవాసిది. అసలు పేరు జంపాల ఉమామహేశ్వరరావు. నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను ఆయన 'ఏడు తరాలు'గా సంక్షిప్తంగా తెలుగు చేశారు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలినాళ్ళలో వేసిన పుస్తకాల్లో ఇదొకటి. తర్వాత ఎన్నోసార్లు అచ్చయింది. కారంచేడు (1985), చుండూరు (1991) మనల్ని కుదిపేయకముందే, దళిత సాహిత్యం అనే మాట తెలుగులో నిలదొక్కుకోకముందే, కుంటా కింటే మన పల్లెల్లోకి వచ్చి కూచున్నాడు.

పేరు పెట్టడంలోనే సహవాసి పెద్ద పని చేశారు. మూలంలో పేరుకు అర్థం వేర్లు. ఆయన 'ఏడు తరాలు' అన్నారు. కుంటా కింటే, కిజ్జీ, కోళ్ళ జార్జి, టామ్, సింథియా, బెర్తా, అలెక్స్ - లెక్కకు ఏడు సరిగ్గా సరిపోయింది. అంతకంటే ముఖ్యం, ఆ మాట మన దగ్గర ఎవరిదో చూడండి. 'అటేడు తరాలు, ఇటేడు తరాలు' అని పెళ్ళి సంబంధాల దగ్గర చెప్పుకునేది వంశవృక్షాలూ గోత్రాలూ ఉన్నవాళ్ళు. ఆ మాటను తీసి బానిసకు ఇవ్వడం తిరగబడ్డ పని. మాలపల్లెలో పిల్లోడు ఆ అట్ట చూసి 'మాకెన్ని తరాలు తెలుసు?' అని అడుక్కున్నాడంటే ఆ ప్రశ్న పుట్టించింది ఆ పేరే.

మేము ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల ఈ పుస్తకం చదివి వినిపించినప్పుడల్లా ఆ ప్రశ్న వేశాం. నాయన పేరు చెప్తారు, జేజినాయన పేరు చెప్తారు. అక్కడికి ఆగిపోతుంది. 'ఆ పైన యెవురికి తెల్సు సామీ, రెడ్డికాడ జీతమున్న్యారని మాత్రం మా జేజి చెప్పేది' అంటారు. కుంటాను తెచ్చిన 'లార్డ్ లిగోనియర్' ఓడ 1767లో అమెరికా రేవు చేరినప్పుడు దాని కాగితాల్లో తొంభై ఎనిమిది అనే అంకె ఉంది, పేర్లు లేవు. మన జీతగాళ్ళూ అప్పుల లెక్కల్లో వేలిముద్రలుగానే ఉన్నారు. అనువాదం ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఇక మాట సంగతి. మూలంలో రెండు ఇంగ్లీషులున్నాయి. కథ చెప్పే ఇంగ్లీషు ఒకటి, తోటల్లో బానిసలు మాట్లాడుకునే ఇంగ్లీషు ఇంకొకటి. రెండోదాన్ని నోట పలికినట్టే రాశాడు హేలీ. బడి ఇవ్వని భాషకూ వాళ్ళు తమకు తాము తయారుచేసుకున్న భాషకూ మధ్య ఉన్న దూరమే ఆ నవలలో సగం కథ. తెలుగులో ఆ దూరం చాలావరకు చదునైపోయింది. సహవాసి తెలుగు సులువైంది, వేగమైంది, చదివించుకుంటుంది. కానీ అది ఏ పల్లెకూ చెందని వాడుక భాష. సంక్షిప్తం చేయడంలో కథ మిగిలింది, గొంతు తగ్గింది.

ఒక్క పిలుపు చూద్దాం. యజమానిని బానిసలు 'మాసా' అంటారు. తెలుగు చేసేవాళ్ళెవరికైనా ముందు తోచే మాట 'దొర'. ఆ మాట వినగానే పులివెందుల కూలికి తెల్లవాడో, తెలంగాణ గడీయో మెదులుతుంది. తన మీద పెత్తనం చేసేవాణ్ణి అతను 'రెడ్డీ' అంటాడు, 'సామీ' అంటాడు. 'దొర' అన్నంతసేపూ కష్టం ఎక్కడో జరిగిన కష్టం. ఏడుస్తాం, పుస్తకం మూసేస్తాం. 'సామీ' అంటే పుస్తకం మూసినా పక్క వీధి కనబడుతుంది.

దీన్ని సహవాసి తప్పుగా మేము చెప్పడం లేదు. ఒక పట్టణ అభ్యుదయ పాఠకుణ్ణి, అప్పుడే చదువుకుంటున్న కార్యకర్తను మనసులో పెట్టుకొని చేసిన పని అది. రాష్ట్రమంతా ఒక్క పుస్తకం పోవాలంటే ఒక్క భాష కావాలనుకున్నారు. ఆ భాష అన్ని ఊళ్ళదీ కాదని చెప్పే పని దళిత రచయితల మీద పడింది. అనంతపురం నుంచి చిలుకూరి దేవపుత్ర 'పంచమం', నల్లగొండ మాదిగ మాటలో వేముల ఎల్లయ్య 'కక్క' ఆ పని చేశాయి.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) 'ఏడు తరాల'కు తెలుగు నేల మీద దొరికిన జవాబు. ఎన్నెలదిన్ని ఎల్లన్న, సుభద్ర. వాళ్ళ కొడుకు శివయ్య. ఆ తర్వాత రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ. కరువులో ఊరొదిలిన శివయ్య క్రైస్తవంలో చేరి సీమోను అవుతాడు. జమ్మలమడుగు పాఠకుడికి ఇది నవల కాదు, ఇంటి సంగతి. లండన్ మిషన్ వాళ్ళు ఆసుపత్రి కట్టిన ఊరది. చుట్టుపక్కల మాలపల్లెల్లో చర్చి పేరొకటి, ఊరి పేరొకటి ఉన్న కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. కుంటాను టోబీ అన్నది యజమాని. శివయ్య సీమోను అయ్యింది ఊరు తరిమితే. రెండూ ఒకటి కాదు. ఒకటి పేరు గుంజుకోవడం, రెండోది మనిషిగా పిలిపించుకోవడానికి వెతుక్కున్న దారి.

ఈ నవలను ఆల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ 2010లో ఇంగ్లీషులోకి తెచ్చారు. విశ్వవిద్యాలయాల్లో, దేశం బయటా తెలుగు దళిత జీవితం తెలిసిందంటే అందులో ఈ అనువాదం పాలు పెద్దది. పేరులోని 'స్ప్రింగ్' అనే మాటకు ఇంగ్లీషులో వసంతమనీ, నీటి ఊట అనీ రెండర్థాలు. అంటరాని ఊట! బావి దగ్గర కడవ పట్టుకొని దూరంగా నిలబడ్డ జాతికి ఆ రెండో అర్థం అనువాదం కలిపి ఇచ్చిన అర్థం. కొన్నిసార్లు దాటించేటప్పుడు పోయేదే కాదు, వచ్చి చేరేదీ ఉంటుంది.

హేలీ మీద వచ్చిన విమర్శనూ దాచకూడదు. ఇంకొకరి నవలలోని భాగాలు 'రూట్స్'లో చేరాయని కేసు నడిచి 1978లో రాజీ అయింది. వంశచరిత్ర రుజువులను చరిత్రకారులు ప్రశ్నించారు. వాస్తవం, కల్పన కలిసిన తన పద్ధతికి హేలీ 'ఫ్యాక్షన్' అని పేరు పెట్టుకున్నాడు. ఆ మాట పులివెందులలో అంటే అర్థం వేరు. మన సినిమాల్లో, చాలా కథల్లో అది రెండు పెద్ద కుటుంబాల పగ. వాళ్ళ వెనక నడిచి చచ్చినోడు ఏ పల్లెవాడో, వాడి పెండ్లాం తర్వాత ఎట్ల బతికిందో ఎవరూ రాయరు. కాగితం లేనివాళ్ళ చరిత్రలో జ్ఞాపకమే సాక్ష్యం. ఆ జ్ఞాపకాన్ని మోసింది కూడా ఆడవాళ్ళే. కిజ్జీ కొడుక్కి చెప్పింది, సింథియా మనవడికి చెప్పింది, కళ్యాణరావు నవలలో రూతు తలుచుకుంటుంది. రుజువు అడిగే పండితులు ముందు ఆ రుజువు ఎవరి బీరువాలో తాళం పడి ఉందో చెప్పాలి.

కాబట్టి ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ, కార్యకర్తలకూ మేము చెప్పేది ఇది. 'ఏడు తరాలు' చదవండి, వదలొద్దు. కానీ మౌనంగా చదవొద్దు. పల్లెలో పైకి చదవండి. మాట అడ్డమొచ్చిన చోట మీ మాట పెట్టండి. 'దొర' దగ్గర 'సామీ' అనండి. మాలల నోటా, మాదిగల నోటా విడివిడిగా వినండి, రెండూ ఒకటేనని తేల్చేయకండి. జేజెమ్మలు బతికుండగానే తరాల పేర్లు రాసుకోండి. సహవాసి సగం దూరం మోసుకొచ్చి మన గడపలో దించిపోయారు. మిగతా సగం మోయాల్సింది ఈ పల్లెల మాట వచ్చినవాళ్ళే.