థ్రాటిల్ బాడీ: ఇంజనుకు ఎంత గాలి దారి చాలు?

పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటర్ పెడల్ తొక్కినప్పుడు నేరుగా తెరుచుకునేది గాలి దారి. ఎయిర్ ఫిల్టర్‌కూ, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కూ నడుమ ఉన్న లోహపు గొట్టంలో ఇరుసు మీద తిరిగే గుండ్రని రేకు ఆ దారిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. గొట్టాన్నీ రేకునూ కలిపి థ్రాటిల్ బాడీ అంటారు. విప్పి బిగించడం తేలిక కావడంతో ఇంజనుకు బలం పెంచదలచినవారి చూపు తరచూ ముందుగా దీని మీదే పడుతుంది. కానీ ఈ భాగం శక్తిని పుట్టించదు, ఇంజను కోరే గాలికి అడ్డు రాకుండా ఉండటమే దాని పని. అందుచేత ఎంపిక ఇంజను గాలి అవసరంతోనే మొదలుకావాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజను ప్రతి రెండు చుట్లకు తన ఘనపరిమాణమంత గాలిని పీల్చాలి; నిజంగా ఎంత పీల్చిందో చెప్పే నిష్పత్తిని వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ అంటారు. అమెరికాలో 1997 షెవర్లే కార్వెట్‌తో వచ్చిన 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 ఇంజను థ్రాటిల్ బాడీ 75 మి.మీ.ది కాగా, తర్వాతి ఎల్‌ఎస్2కు 90 మి.మీ.ది ఇచ్చారు. ఎల్‌ఎస్1 నిమిషానికి 6,000 చుట్ల వేగంతో తిరుగుతూ 90 శాతం నిండుతోందనుకుంటే నిమిషానికి సుమారు 15,400 లీటర్ల గాలి కావాలి. ఆ గాలి 75 మి.మీ. దారిలో సెకనుకు దాదాపు 58 మీటర్ల వేగంతోనూ, 90 మి.మీ. దారిలో 40 మీటర్ల వేగంతోనూ పోతుంది. మొదటి వేగానికి ఖర్చయ్యే పీడనం సుమారు 2 కిలోపాస్కల్స్, రెండోదానికి 1. అంటే దారి వైశాల్యం 44 శాతం పెరిగినా మిగిలేది వాతావరణ పీడనంలో ఒక శాతం చుట్టుపక్కలే. అదే ఇంజనును 7 లీటర్లకు పెంచి, క్యామ్‌షాఫ్ట్ మార్చి, 7,000 చుట్ల దగ్గర పూర్తిగా నిండేలా చేస్తే, పీడన నష్టం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 75 మి.మీ. దారిలో అది 5 కిలోపాస్కల్స్ దాటుతుంది; పెద్ద కొలత అప్పుడు నిజంగా అక్కరకొస్తుంది.

పెద్దది పెడితే తక్కువ వేగాల్లో బలం పోతుందన్న హెచ్చరిక కార్బ్యురేటర్ కాలం నాటిది. 1923లో బొలోన్యాలో ఎడోఆర్డో వెబర్ స్థాపించిన సంస్థ తయారుచేసిన 40 డీసీఓఈ, 45 డీసీఓఈ కార్బ్యురేటర్ల పేర్లలోని అంకె థ్రాటిల్ రంధ్రపు మిల్లీమీటర్లను చెబుతుంది. అయితే ట్యూనింగ్ తెలిసినవారు లోపల మార్చుకోగల, అంతకంటే ఇరుకైన చోక్ గొట్టాన్నే ఎక్కువ శ్రద్ధగా ఎంచేవారు. ఆ ఇరుకులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గితేనే పెట్రోలు పైకి వస్తుంది కనుక, దారి మరీ వెడల్పైతే ఇంజను తడబడేది. పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ పద్ధతిలో ఆ కారణం లేదు. ఇక్కడ ఎదురయ్యే చిక్కు వేరు: పెద్ద రేకు కొద్దిగా తెరుచుకున్నా ఎక్కువ గాలి పోతుంది కాబట్టి, పెడల్‌ను తాకగానే కారు దూకుతుంది. ఆ దూకుడును చాలామంది అదనపు బలంగా పొరబడతారు. పూర్తిగా తొక్కి చూస్తే గరిష్ఠ శక్తి ఉన్నచోటే ఉంటుంది.

కొనేముందు కొలవడమే మేలైన పద్ధతి. పెడల్‌ను పూర్తిగా తొక్కి, గరిష్ఠ చుట్ల దగ్గర మానిఫోల్డ్ పీడనాన్ని బయటి వాతావరణ పీడనంతో పోల్చాలి. తేడా 3 కిలోపాస్కల్స్ మించితే దారిలో ఎక్కడో ఇరుకున్నట్టే. అయితే తప్పు థ్రాటిల్‌దే అనుకోకుండా, దానికి ముందూ వెనకా విడివిడిగా కొలవాలి, ఎందుకంటే ఫిల్టర్ దగ్గరో వంపు గొట్టంలోనో ఇరుకుంటే థ్రాటిల్‌ను ఎంత పెంచినా ఫలితం ఉండదు. టర్బో ఉన్నచోట గాలి ముందే చిక్కబడి వస్తుంది గనుక, శక్తి పెరిగినంతగా దారిని పెంచాల్సిన అవసరం రాదు.

కొత్త భాగం మానిఫోల్డ్ రంధ్రం కంటే పెద్దదైతే కలిసేచోట ఏర్పడే మెట్టు గాలిని చెదరగొడుతుంది, అందుకే మానిఫోల్డ్ అంచునూ గాస్కెట్‌నూ అదే కొలతకు సరిచేయాలి. ఆ తర్వాత ఇంజను కంట్రోల్ కంప్యూటర్‌లో ఐడ్లింగ్ గాలినీ, రేకు మూసి ఉన్న స్థితినీ కొత్తగా నమోదు చేయిస్తేనే సిగ్నల్ దగ్గర ఇంజను నిలకడగా తిరుగుతుంది.