‘గృహిణి’ అన్న గడిలో

వైద్య వ్యాసాలను సాహిత్య విమర్శకుల కళ్ళతో చదవడం మనకు అంతగా అలవాటు లేదు. కానీ వాటిలోనూ కథనం ఉంటుంది, పాత్రలుంటాయి, నోరు విప్పే అవకాశం లేనివాళ్ళూ ఉంటారు. 1960లో వాగ్నర్, స్లెగ్స్, మార్చండ్ అనే ముగ్గురు ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఇండస్ట్రియల్ మెడిసిన్’లో రాసిన వ్యాసాన్ని నేను అలాగే చదివాను.

దక్షిణాఫ్రికాలో కింబర్లీకి పశ్చిమాన ఉన్న కొండల్లో నీలి ఆస్బెస్టాస్ తవ్వేవారు. ఈ రాతినార పోగులు కంటికి ఆననంత సన్నగా విడిపోయి, ఊపిరితో లోపలికి పోయి అక్కడే ఉండిపోతాయి. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడితే ఆస్బెస్టాసిస్. వాటి పైపొరకు క్యాన్సర్ వస్తే మెసోథీలియోమా. అది బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ వ్యాసంలోని 33 మంది రోగుల్లో 22 మంది మగవాళ్ళు, 11 మంది ఆడవాళ్ళు. ఒక్కరికి తప్ప అందరికీ నీలి ఆస్బెస్టాస్ సోకే అవకాశం ఉందని రచయితలు తేల్చారు.

గనిలో కూలికి వెళ్ళకపోయినా, ఆ చుట్టుపక్కల బతికితే చాలు ఈ జబ్బు రావచ్చని చూపించడం ఆ వ్యాసం గొప్పతనం. రోగుల వృత్తుల్లో గృహిణులు, ఇంటిపనివాళ్ళు, పశువుల కాపరులు కనిపిస్తారు. నా పేచీ ఆ ‘గృహిణి’ అన్న మాటతోనే. ఆ మాట చదవగానే ఆమె ఏ పనీ చేయలేదనీ, దుమ్మే గాలిలో ఆమె ఇంటికి వచ్చిందనీ అనుకుంటాం.

2003లో చరిత్రకారుడు జాక్ మెక్‌కలక్ రాసిన వ్యాసం ఆ ఊహను పడగొడుతుంది. 1893 నుంచి 1980 వరకు దక్షిణాఫ్రికాలో ఆస్బెస్టాస్ తవ్విన స్త్రీల గురించి అని దాని శీర్షికే చెబుతుంది. ‘సాయం చేసిన’ స్త్రీలు కాదు, తవ్విన స్త్రీలు. మగవాళ్ళు తవ్వితీసిన రాయిని సుత్తులతో కొట్టి నారను వేరుచేసింది ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలే. కుటుంబమంతా పనిచేసిన చోట వాళ్ళ శ్రమ మగవాడి లెక్కలో కలిసిపోయేది. దుమ్ము మాత్రం ఎవరి వంతు వాళ్ళకి అందింది.

గని లేని చోటా ఇదే తీరు. 1965లో న్యూహౌస్, థాంప్సన్ లండన్ రోగులను పరిశీలిస్తే, 9 మందికి ఆస్బెస్టాస్ పనివాళ్ళతో కలిసి ఒకే ఇంట్లో ఉండడం తప్ప మరో సంబంధం లేదు. వాళ్ళలో ఎక్కువగా కనిపించిన కథ, భర్త పనిబట్టలు ఉతికిన భార్యది. ఆ బట్టలు దులిపి, ఉతికి, మర్నాటి పనికి సిద్ధం చేయడం ఫ్యాక్టరీ నడవడానికి అవసరమైన పని కాదా? దాన్ని ‘ఇంటి సంబంధం’ అనడంలో సైన్సుకి లోటు రాకపోవచ్చు. కానీ నష్టపరిహారం చట్టం అడిగేది ఉద్యోగానికి రుజువు. ఎవరి రిజిస్టర్లోనూ లేని మనిషి, నలభై ఏళ్ళ తర్వాత ఆయాసపడుతూ ఏ కాగితం చూపించాలి?

అందుకే నాకు లబ్బే కేసు ముఖ్యమైనది. కేప్ కంపెనీ మీద దక్షిణాఫ్రికా బాధితులు లండన్‌లోనే దావా నడుపుకోవచ్చని 2000లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. వాళ్ళలో కార్మికులే కాదు, గనుల పక్కన బతికినవాళ్ళూ ఉన్నారు. 2003లో 7,500 మందికి ఆ కంపెనీ ఇచ్చింది 75 లక్షల పౌండ్లు. అంటే సగటున మనిషికి వెయ్యి. గెలుపే, కానీ ఎంత పలచటి గెలుపు!

దక్షిణాఫ్రికా 2008లో ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. మన పులివెందుల ప్రాంతంలోనూ ఒకప్పుడు ఆస్బెస్టాస్ తవ్వారు. రేకుల కోసం మన దేశం తెల్ల ఆస్బెస్టాస్‌ను ఇప్పటికీ దిగుమతి చేసుకుంటోంది. ఇంటిపని మాత్రమే చేసే స్త్రీని మన జనగణన ‘పనిచేయనివారి’లో రాస్తుంది. స్త్రీల శ్రమ గురించి ఇన్నేళ్ళుగా రాస్తున్న మనం ఆసుపత్రి చీటీల్లోని ‘వృత్తి’ గడిని కూడా చదవాలి. అక్కడ ‘గృహిణి’ అని ఉంటే, ఆమె రోజంతా ఏం చేసేదో, ఎవరి బట్టలు ఉతికేదో అడగాలి.