ముందు నూటికి ఒక్కరికి

"అన్నా, ఇద్దరివీ ఒక్కటే ఫోన్లు, ఒక్కటే దినం కొన్నం. వానికి కొత్త అప్‌డేట్ వచ్చింది, నాకు రాలే. ఎందుకట్ల?"

అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మెట్ల మీద అడిగాడా కుర్రాడు. 1891లో ఆసఫియాగా మొదలైన ఆ లైబ్రరీలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది పోటీ పరీక్షల పిల్లలే. యాప్‌ల కొత్త వెర్షన్లు జనంలోకి వదలడమే నా ఉద్యోగం. ఆ మాట వాళ్ల దగ్గర నోరు జారాను.

"లెక్క తమ్మీ" అన్నాను. ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తును సర్వర్ ఒక సూత్రంలో వేసి, 0 నుంచి 99 లోపు ఏదో ఒక సంఖ్య తేలుస్తుంది. మీవాడికి 4 పడింది, నీకు 83 అనుకో. ఇవాళ 5 లోపు వాళ్లకే గేటు తీశాం. రేపు 20, ఎల్లుండి 50. నీ వంతు వచ్చేదాకా నువ్వెంత నొక్కినా "మీదే తాజా వెర్షన్" అంటుంది. ఆపిల్ స్టోర్‌లో ఈ మెట్లు ఏడు రోజులు: 1, 2, 5, 10, 20, 50, 100 శాతం. అక్కడ మాత్రం తనే వెళ్లి అడిగినవాడికి వెంటనే ఇచ్చేస్తారు.

పక్కనే ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి కొనేవాడు పై బస్తా చూసి బేరం తేల్చడు. అడుగునున్న బస్తాలోంచీ గుప్పెడు తీయిస్తాడు. మాదీ అదే పని. ఆఫీసులో మేం చూసేది పై బస్తానే, అడుగునుంచి తీసే గుప్పెడు ఈ మొదటి కొద్దిమంది ఫోన్లే. ఒకసారి ఇంగ్లీషులో అన్నీ సరిచూసి వదిలాం. ఫోన్‌ను తెలుగులో పెట్టుకున్నవాళ్లకి మాటలు పొడుగై, "పంపండి" అనే బటన్ తెర కిందికి జారి మాయమైంది. ఫిర్యాదులు మొదలయ్యేసరికి అది నూటికి ఒక్కరి దగ్గరే ఉంది. ఆపేశాం. కానీ వెళ్లినదాన్ని వెనక్కి లాగలేం, సరిచేసి ఇంకో వెర్షన్ పంపాల్సిందే. ఇబ్బంది పడ్డది తెలుగువాళ్లే కావడం నాకు ఇప్పటికీ సిగ్గు.

మెట్లు లేకుండా దూకితే ఏమవుతుందో 2024 జులై 19న చూశాం. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ తన ఫైల్ ఒకటి అందరికీ ఒకేసారి పంపింది, మన పొద్దున 9:39కి. 78 నిమిషాల్లో దాన్ని సరిచేసింది. ఆలోపే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

కుర్రాడు కాసేపు ఆలోచించాడు. "మరి ముందుగాల ఇచ్చేటోళ్లకు చెప్తరా, మీ మీద చూస్తున్నమని?"

"సాధారణంగా చెప్పం."

అప్పటిదాకా కొత్త వెర్షన్ చూపించి మురుస్తున్న స్నేహితుడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అన్నా, ఆ 4 నాకొద్దు. వాని 83 నాకియ్యి."