ఊరు లేనివాడి ప్రవాసం

ప్రవాస సాహిత్యం అనగానే మన తెలుగు విమర్శకి ఒకే మనిషి గుర్తొస్తాడు. అమెరికా వెళ్లిన ఇంజనీరో డాక్టరో. మంచు పడుతుంటే కిటికీ దగ్గర నిలబడి ఊళ్లో గుడినీ, చెరువుగట్టునీ, అమ్మమ్మ వంటింటినీ తలుచుకుంటాడు. 'నేనెక్కడివాణ్ణి?' అని బాధపడతాడు. ఆ బాధ అబద్ధమని ఎవరూ అనరు. కానీ ఆ గుళ్లోకి ఎవర్ని రానిచ్చారు? ఆ చెరువులో ఎవర్ని నీళ్లు ముంచుకోనిచ్చారు? ఆ వంటింటి గడప ఎవరు దాటగలిగారు? ఇవి అడక్కుండా అందర్నీ కలిపి 'తెలుగువాడి ప్రవాస వేదన' అంటే ఎట్లా? ఊరు పోగొట్టుకోవాలంటే ముందు ఊరుండాలి కదా. మనకున్నది వాడ.

ఈ సంగతి జాషువా 1941లోనే పట్టుకున్నాడు. కాళిదాసు 'మేఘసందేశం'లో యక్షుడికి పడింది ఏడాది శిక్ష. గడువు తీరితే అలకాపురి వుంది, ఇల్లుంది, ఎదురుచూసే భార్య వుంది. 'గబ్బిలం'లో అరుంధతీసుతుణ్ణి ఎవరూ దేశం నుంచి వెళ్లగొట్టలేదు. సొంత గడ్డ మీదే వున్నాడు, అయినా అక్కడ అతనికి చోటు లేదు. శివుడికి కబురంపడానికి గబ్బిలమే ఎందుకు? అతను అడుగుపెట్టలేని గుళ్లోకి అది పోగలదు గనక. కదలకుండానే పరాయివాడైన మనిషి కథ అది. ప్రవాస సాహిత్య చర్చ మనం ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

సుజాత గిడ్ల ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017)ను ఈ ప్రశ్నతోనే చదవాలి. ఆమె కాకినాడ ఎల్విన్‌పేటలో పెరిగింది. వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఇరవయ్యారేళ్లకి అమెరికా వెళ్లి, తర్వాత న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరయింది. పుస్తకం నిండా తల్లి మంజుల, మేనమామ సత్యం కనబడతారు. సత్యం అంటే మన శివసాగర్, కె.జి. సత్యమూర్తి. అంతకు ముందు తరాల దగ్గర అసలు వలస వుంది. అడవిలో తిరిగిన వాళ్లు, బ్రిటిష్ వాళ్లు టేకు కోసం అడవి కొట్టిస్తే బయటికొచ్చి ఒక చెరువు పక్కన సాగు మొదలుపెట్టారు. అదే శంకరపాడు. తర్వాత శిస్తులొచ్చాయి, అప్పులొచ్చాయి, భూమి చెయ్యిదాటిపోయింది. తాము దున్నిన నేల మీద తామే కూలీలై, అంటరానివాళ్లయ్యారు. అమెరికా ఆ కుటుంబానికి మొదటి వలసేమీ కాదు.

కాకినాడలో ఈ బతుకు చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. అందుకే అది కథ అనిపించలేదు. ఒంటి రంగు తప్ప కులం తెలియని మనుషుల మధ్యకి వెళ్లాక అది చెప్పుకోదగ్గ కథయింది. మామూలు ప్రవాస కథలో జ్ఞాపకం ఓదారుస్తుంది. ఇక్కడ జ్ఞాపకం నిలదీస్తుంది: మమ్మల్ని ఇట్లా ఎందుకు చేశారు?

'ఇంగ్లీషులో, తెల్లవాళ్ల కోసం రాసింది' అంటారు కొందరు. ఇంగ్లీషులో రాసే అగ్రకుల రచయితల్ని ఆ మాట ఎంతమంది అడిగారు? నాకు కనబడే లోటు వేరు. పుస్తకం తల్లి తరం దగ్గరే ఆగిపోతుంది, న్యూయార్క్‌కి దక్కింది కొద్ది చోటే. రంగు చూసే దేశంలో దళిత స్త్రీ ఎట్లా నిలబడింది, తోటి తెలుగువాళ్లు ఎదురైతే ఏమయింది అన్నది విస్తారంగా రావాల్సిన కథ.

ఎందుకంటే కులానికీ వీసా దొరికింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించాల్సి వచ్చింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన కుల వివక్ష బిల్లుని అక్టోబరులో గవర్నరు తిప్పికొట్టాడు. ఆ బిల్లుని గట్టిగా వ్యతిరేకించిన వాళ్లలో హిందూ ప్రవాస సంఘాలున్నాయి. కిటికీ దగ్గర ఊరిని తలుచుకునేవాడు ఊరితో పాటు ఏం పట్టుకెళ్లాడో ఇప్పుడు తెలుస్తూనే వుంది.

కాబట్టి ప్రవాస కథలు పాఠం చెప్పే టీచర్లూ, వాటి మీద పరిశోధన చేసే విద్యార్థులూ 'ఈ కథలో ఊరెవరిది?' అని ముందు అడగాలి. గోదావరి జిల్లాల నుంచి గల్ఫు ఇళ్లలో పాచిపనికి పోయిన మన ఆడవాళ్లున్నారు. వాళ్లూ ప్రవాసులే. వాళ్లకి చోటివ్వని సంకలనాన్ని తెలుగువాళ్లందరి ప్రవాస సాహిత్యం అంటే మనం ఒప్పుకోనక్కర్లేదు.